కౌన్సెలర్ గదితో తీరే పని కాదు

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుకు మూలం విశాఖపట్నంలో ఉంది. నీట్‌కు చదువుకుంటూ 2023లో అక్కడ ప్రాణాలు కోల్పోయిన ఒక అమ్మాయి కేసును సీబీఐకి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ న్యాయస్థానం పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో జనం నోట నిలిచింది ఒక్కటే: వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరు ఉండాలన్నది. బళ్లో ఏ ఘోరం జరిగినా మర్నాటి చర్చ ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. కౌన్సెలర్ ఉన్నారా, ఎందుకు వేయలేదు, ఎప్పుడు వేస్తారు? ఈ ప్రశ్నల వెనక బలంగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. పిల్లల మనసు, నడత, రేపటి దారి అన్నవి నిపుణులు చూసుకోవలసిన వ్యవహారాలనీ, టీచరు పని సిలబస్ పూర్తి చేయడమనీ, కౌన్సెలర్ వస్తే సమస్య తీరుతుందనీ, వచ్చేదాకా బడి చేయగలిగింది పెద్దగా లేదనీ ఆ అభిప్రాయం. తల్లిదండ్రులు, యాజమాన్యాలు, అధికారులు, చివరికి చాలామంది ఉపాధ్యాయులూ దీన్నే నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు, పిల్లలకు నష్టం చేస్తున్న తప్పు. దారి చూపడం అనేది తరగతి గదిలో, పిల్లలందరితో, క్లాస్ టీచరు చేతుల మీదుగా, జూన్‌లోనే వేసుకున్న ప్రణాళిక ప్రకారం వారం వారం జరగవలసిన పని. కౌన్సెలర్ ఆ పనికి వెన్నుదన్ను కాగలరు. ఆ పనంతా ఆయన నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు.

అసలు ఈ మార్గదర్శనం ఎవరికి కావాలి? నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మానసిక రుగ్మతలున్నవారు 7.3 శాతం. నలభై మంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురు. ఆ ముగ్గురికీ నిపుణుల సాయం కావాలి, ఆలస్యం లేకుండా కావాలి. అందులో వాదనకు తావు లేదు. మిగతా ముప్ఫై ఏడుగురి మాటేమిటి? పల్లెలోని ప్రాథమిక పాఠశాల నుంచి ఆరో తరగతికి హైస్కూలుకు వచ్చి, సబ్జెక్టుకొక టీచరు మారుతుంటే బెదిరిపోయిన పిల్లవాడికి జబ్బేమీ లేదు. ప్రతి నెలా మూడు రోజులు బడి మానేస్తున్న ఎనిమిదో తరగతి అమ్మాయికీ లేదు. వాట్సాప్ గ్రూపులో తన ఫొటో మీద తోటివాళ్లు రాసిన వెకిలి మాటలు చూసి ముడుచుకుపోయిన తొమ్మిదో తరగతి విద్యార్థికీ లేదు. పది తర్వాత ఎంపీసీ, బైపీసీలే చదువులనుకునే అబ్బాయికి పాలిటెక్నిక్ గురించీ, ఐటీఐ గురించీ, ట్రిపుల్ ఐటీలో సీటు ఎలా వస్తుందన్న దాని గురించీ చెప్పే మనిషి కావాలి. వీళ్లలో చాలామంది కౌన్సెలర్ గది తలుపు తట్టరు. తడితే తనకేదో తేడా ఉందన్న ముద్ర పడుతుందని వాళ్లకు తెలుసు. తాము కౌన్సెలర్‌కు చెప్పుకోదగ్గ బాధలో ఉన్నామని వాళ్లే అనుకోరు.

2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పరీక్షలో తప్పడం కారణంగా ఆ ఏడాది నమోదైన మరణాలు 2,248. తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత రోజుల వ్యవధిలో జరిగిన విద్యార్థుల ఆత్మహత్యల విషాదాన్ని ఇక్కడెవరూ మరిచిపోలేదు. ఏ ఆత్మహత్యకైనా కారణం ఒక్కటే ఉండదు, ఒక్క పీరియడ్ అన్నిటినీ ఆపుతుందనడం దుస్సాహసం. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పరీక్ష తప్పితే తర్వాత ఏం చేయాలో ఆ పిల్లలకు ముందుగా ఎవరైనా చెప్పారా? సప్లిమెంటరీ ఎప్పుడు ఉంటుంది, రీకౌంటింగ్‌కు దరఖాస్తు ఎలా పెట్టాలి, ఏడాది వృథా కాకుండా ఏ దారులున్నాయి, ముఖ్యంగా ఆ కబురు ఇంట్లో ఎలా చెప్పాలి? ఇవి ఫలితాల రోజున ఒంటరిగా ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లవాడికి అప్పటికప్పుడు తట్టే విషయాలు కావు. డిసెంబరులోనో, జనవరిలోనో, తరగతిలో అందరి మధ్యా నెమ్మదిగా మాట్లాడుకోవలసినవి. ఫలితాల తర్వాత కౌన్సెలర్‌ను పిలిపించడం కంటే ఈ మాటల విలువ ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కౌన్సెలర్ వచ్చేదాకా ఆగుదామనే వాదనకు మన దేశంలో డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది. విద్యార్థులకు గైడెన్స్ సేవలు కావాలని 1952-53 నాటి మొదలియార్ కమిషన్ చెప్పింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ మరో అడుగు వేసి, గైడెన్స్ విద్యలో అంతర్భాగమని, అది ప్రాథమిక దశ నుంచే మొదలవాలని, హైస్కూళ్లలో కనీసం పదింటికి ఒక సంచార కౌన్సెలర్ ఉండాలని, తేలిక పనుల్లో టీచర్లు ఆయనకు తోడ్పడాలని సూచించింది. ఆ సంచార కౌన్సెలర్‌ను మన పల్లె హైస్కూళ్లు ఎన్ని చూశాయి? ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి లక్షకు పైగా బడులున్నాయి. దేశంలో లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. శిక్షణ ఉన్న నిపుణులు నగరాల్లో, అదీ ఫీజులు కట్టగల బడుల్లో ముందు చేరతారు. ఉట్నూరు, పాడేరు బడుల వంతు ఎప్పటికొస్తుందో చెప్పగలవారు లేరు.

ఫిలిప్పీన్స్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ 2004లో చేసిన చట్టం ప్రకారం గైడెన్స్ కౌన్సెలర్ కావాలంటే ఆ విషయంలో మాస్టర్స్ డిగ్రీ, లైసెన్సు పరీక్ష తప్పనిసరి. ఉద్దేశం మంచిదే, కానీ ఆ అర్హతలున్నవాళ్లు ఆ జీతాలకు ప్రభుత్వ బడులకు సరిపడా రాలేదు, పోస్టులు వేలల్లో ఖాళీగా ఉండిపోయాయి. దాంతో ఆ దేశ విద్యాశాఖ క్లాస్ అడ్వైజర్లు నడిపే హోమ్‌రూమ్ గైడెన్స్ మీద ఆధారపడింది. చదువు, వ్యక్తిగత-సామాజిక జీవితం, వృత్తి ఎంపిక అనే మూడు అంశాల మీద తరగతివారీ పాఠాలు తయారు చేసింది. అక్కడా లోపాలున్నాయి, టీచర్ల మీద భారం పడిందన్న ఫిర్యాదులున్నాయి. అయితే నిపుణులు దొరికేదాకా పిల్లల్ని వదిలేయకూడదన్న గ్రహింపు ఉంది. జపాన్‌లోనైతే ఇది కొరత తెచ్చిన ఏర్పాటు కూడా కాదు. తరగతి జీవితాన్ని గురించి పిల్లలు తామే చర్చించుకుని నిర్ణయాలు తీసుకునే క్లాస్ యాక్టివిటీకి జాతీయ పాఠ్య ప్రణాళికలోనే ఏడాదికి 35 పీరియడ్లు కేటాయించారు. లెక్కలు, భాషలతో పాటు అదీ టైమ్‌టేబుల్‌లో ఉంటుంది.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని దాటవేయడం నిజాయతీ కాదు. శిక్షణ లేని టీచరు ఇలాంటి పనిలో వేలు పెడితే ప్రయోజనం ఉండదని, అందుకు మన దేశంలోనే ఆధారం ఉందని అంటారు. ఆధారం ఉన్న మాట నిజమే. బీహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలతో 'సెహెర్' పేరుతో పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొన్ని బడుల్లో ఇందుకోసమే నియమించిన ఒక కార్యకర్త పని చేశారు, కొన్నింటిలో అదే కార్యక్రమాన్ని ఆ బడి టీచరుకే అప్పగించారు. కార్యకర్త ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు, ఒకరినొకరు వేధించుకోవడం, కొట్లాటలు తగ్గాయి. టీచరుకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. టీచర్లతో ఇది కాదని తేలిపోయింది కదా అంటారు.

ఆ ప్రయోగాన్ని పూర్తిగా చదివితే తేలేది వేరు. అక్కడ ఫలితం సాధించిన కార్యకర్తలు మానసిక వైద్యులు కారు, సైకాలజిస్టులు కారు. కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులు. వాళ్లు చేసిన పనిలో ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడటం ఒక భాగం మాత్రమే. నెల నెలా అసెంబ్లీలో ఒక అంశం మీద మాట్లాడించడం, గోడ పత్రిక నడపడం, పిల్లలు పేరు రాయకుండా తమ గోడు వేసే పెట్టె పెట్టడం, తోటి విద్యార్థుల బృందాలు కట్టడం వంటి బడి మొత్తానికీ చెందిన పనులే ఎక్కువ. అంటే నిపుణులు తప్ప మరొకరు చేయలేరన్న మాట ఆ ప్రయోగంతోనే వీగిపోయింది. మరి టీచర్లు ఎందుకు విఫలమయ్యారు? కార్యకర్తకు అదొక్కటే పని. టీచరుకు అది ఉన్న పనుల మీద వేసిన మరో పని. పాఠాలు తగ్గించలేదు, విడిగా సమయం ఇవ్వలేదు. పైగా మార్కులు వేసే మనిషి, దండించే మనిషి ముందు పిల్లలు నోరు విప్పడం కష్టం. ఈ రెంటికీ ప్రణాళికలోనే విరుగుడు ఉండాలని నేనంటాను. సమయం లేకుండా అప్పగిస్తే ఏ పనీ జరగదు. నలందా చెప్పిన పాఠం అదే.

విదేశాల్లోని ఆధారాలు కూడా ఇటే చూపుతున్నాయి. పది ఐరోపా దేశాల్లో 168 బడుల్లో, 11,110 మంది పిల్లలతో జరిగిన అధ్యయనం 2015లో లాన్సెట్‌లో వచ్చింది. అందులో మూడు పద్ధతుల్ని పరీక్షించారు. ప్రమాద సంకేతాలు గుర్తించేలా టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఒకటి, నిపుణులు పిల్లల్ని వడపోసి ప్రమాదంలో ఉన్నవారిని వైద్యానికి పంపడం మరొకటి, తరగతిలో పిల్లలందరినీ కూర్చోబెట్టి సన్నివేశాలు నటింపజేస్తూ కష్టాల గురించి మాట్లాడించడం మూడోది. ఏడాది తర్వాత చూస్తే ఆత్మహత్యా ప్రయత్నాలు స్పష్టంగా తగ్గింది మూడో పద్ధతిలోనే. ఏ పద్ధతీ అమలు కాని బడుల్లో అవి 1.51 శాతం ఉంటే ఇక్కడ 0.70 శాతం. తరగతిని నడిపింది బయటి శిక్షకులే, ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ నిపుణుల వడపోత ఒక్కటే చాలదన్నదీ, పిల్లలందరి మధ్యా జరిగే సంభాషణకు బలం ఉందన్నదీ అక్కడ రుజువయ్యాయి. ఇక టీచర్ల విషయానికొస్తే, 2011లో వెలువడిన ఒక సమీక్ష 213 కార్యక్రమాల్ని, 2,70,034 మంది విద్యార్థుల్ని కలిపి చూసింది. భావోద్వేగాల మీద, మనుషులతో మెలిగే తీరు మీద బడిలో క్రమంగా పాఠాలు నడిచిన చోట చదువు కూడా మెరుగుపడిందని అందులో తేలింది. చదువులో ఆ మెరుగుదల కనిపించింది బడి సిబ్బందే నడిపిన కార్యక్రమాల్లో. ఇంకో మాట కూడా ఆ సమీక్ష చెప్పింది. ఒకదాని తర్వాత ఒకటి వరుసలో ఉండి, పిల్లల చేత చేయించే, లక్ష్యం స్పష్టంగా ఉన్న కార్యక్రమాలే ఫలితమిచ్చాయి. ఏడాదికోసారి ఆడిటోరియంలో జరిగే మోటివేషన్ క్లాసు ఈ కొలతల్లో ఒక్కదానికీ తూగదు. వక్త ఎంత గొప్పవాడైనా మర్నాడు ఆయన ఉండడు, క్లాస్ టీచరు ఉంటారు.

సమయం ఎక్కడిదన్నది తర్వాతి అభ్యంతరం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి వెయ్యి బోధన గంటలు నిర్దేశించింది. వారానికో గంట చొప్పున తీసినా అది మూడు, నాలుగు శాతం. అదే చట్టంలోని 29వ సెక్షన్ పిల్లల్ని భయం, ఆందోళనల నుంచి విముక్తం చేయడం, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా తోడ్పడటం పాఠ్యప్రణాళికలో భాగమని చెబుతోంది. లెక్కల పాఠమెంత బాధ్యతో ఇదీ అంతే. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వారానికో గంట, ఏడాదికి 24 వారాలు, పదకొండు అంశాలు అని లెక్కగా చెప్పింది. మన రెండు రాష్ట్రాల నిరంతర సమగ్ర మూల్యాంకన విధానంలో విలువల విద్య, జీవన నైపుణ్యాలకు గ్రేడు కూడా ఉంది. అంటే గంట కాగితం మీద ఎప్పుడో పుట్టింది. తరగతి గదిలో దాన్ని లెక్కల మాస్టారికో, సైన్స్ టీచర్‌కో స్లిప్ టెస్టు కోసం ఇచ్చేస్తారు. పదో తరగతిలోనైతే దాని ఊసే ఉండదు. జరగని పీరియడ్‌కు సంవత్సరాంతంలో రికార్డులో గ్రేడు పడుతుంది. ఆరోగ్య కార్యక్రమంలో ఇంకో పొరపాటు కూడా ఉంది. బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి మిగతావాళ్లను వదిలేశారు. కౌన్సెలర్ చూసుకుంటారన్న ఆలోచనే ఇక్కడ ఆ ఇద్దరు చూసుకుంటారని మారింది.

క్లాస్ టీచరుకు ఉన్న ఒక ఆధిక్యం మరెవరికీ లేదు. మొదటి పీరియడ్‌లో హాజరు పట్టీ తెరిచేది ఆయనే. సోమవారాలు రాని పిల్లవాడెవరు, నెలకు మూడు రోజులు వరుసగా మానేసే అమ్మాయి ఎవరు, పాల ప్యాకెట్లు వేసి ఆలస్యంగా వచ్చేదెవరు అన్నది ఆ పట్టీలోనే ఉంది. ప్రణాళిక అక్కడి నుంచే మొదలవాలి. జూన్‌లో బడి తెరిచిన వారంలో గత ఏడాది హాజరునూ, మార్కుల రికార్డునూ పక్కపక్కన పెట్టుకుని తన తరగతికి ఏ అంశాలు ముఖ్యమో క్లాస్ టీచరు ఎంచుకోవాలి. ఆరో తరగతికి కొత్త బడిలో కుదురుకోవడం ముందు వస్తుంది. ఎనిమిదికి ఎదుగుదల, శుభ్రత, ఫోను. తొమ్మిదో తరగతి అమ్మాయిల విషయంలో వేసవి సెలవులకు ముందే బాల్యవివాహాల గురించి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గురించి మాట్లాడి తీరాలి, ఎందుకంటే సెలవుల తర్వాత కొందరు తిరిగి రారు. పదో తరగతికి గ్రూపుల సంగతి పరీక్షలయ్యాక చెబితే లాభం లేదు, దసరా సెలవులకు ముందే మొదలుపెట్టాలి.

ఇక ఆ గంటలో ఏం జరగాలి? మొదటి ఫార్మేటివ్ పరీక్ష మార్కులు వచ్చిన వారాన్నే తీసుకుందాం. తరగతిని నలుగురేసి చొప్పున విడదీసి ఒక్కో బృందానికి ఒక చీటీ ఇస్తారు: లెక్కల్లో మార్కులు బాగా తక్కువ వచ్చాయి, కార్డు మీద నాన్న సంతకం కావాలి, నాన్న రాత్రి తొమ్మిదింటికి పని నుంచి అలిసిపోయి వస్తాడు. ఒకరు నాన్న, ఒకరు అమ్మ, ఒకరు పిల్లవాడు, ఒకరు అక్క. అయిదు నిమిషాలు నటిస్తారు. ఒక బృందంలో పిల్లవాడు సంతకం తానే పెట్టేస్తాడు, మరో దాంట్లో అక్క మధ్యవర్తి అవుతుంది, ఇంకో దాంట్లో నాన్న చెయ్యెత్తుతాడు. తర్వాత టీచరు అడిగేది రెండే ప్రశ్నలు: ఆ పిల్లవాడికి ఎలా అనిపించింది? ఇంకెలా చెప్పి ఉండవచ్చు? నీతి చెప్పరు, పేరు పెట్టి ఎవరినీ నిలబెట్టరు. ముప్ఫై అయిదు నిమిషాల్లో తరగతి మొత్తానికి తెలిసేది ఏమిటంటే, ఈ భయం తన ఒక్కడిదే కాదని. కౌన్సెలర్ గదిలో ఇద్దరి మధ్య జరిగే మాటల్లో ఈ ఎరుక కలగదు.

మార్కులు వేసే టీచరు ముందు పిల్లలు మనసు విప్పరన్న మాటకు జవాబు ఈ పద్ధతిలోనే ఉంది. గంట ఉద్దేశం రహస్యాలు రాబట్టడం కాదు. సొంత కథ చెప్పమని ఎవరినీ అడగకూడదు. ఈ పీరియడ్‌కు మార్కులు, గ్రేడు ఉండకూడదు. అవసరమనుకున్న అంశాలకు పక్క సెక్షన్ టీచర్‌తో గది మార్చుకోవచ్చు, ఆడపిల్లల విషయాలకు మహిళా టీచరు ఉండాలి. పేరు లేని చీటీల పెట్టె హెచ్‌ఎం గది బయట కాకుండా, పిల్లలు ఎవరి కంటా పడకుండా వేయగల చోట ఉండాలి. ఎంత జాగ్రత్త పడ్డా ఒక పిల్లో పిల్లవాడో లైంగిక వేధింపు గురించి చెప్పవచ్చు. అప్పుడు రహస్యంగా ఉంచుతానని మాటివ్వడం తప్పు, ఎందుకంటే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఏది తాను వినాలి, ఏది హెచ్‌ఎంకు చెప్పాలి, ఏది వెంటనే నిపుణులకు పంపాలి అన్న గీత టీచరుకు ముందే తెలియాలి. సిబ్బందందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది ఇందుకే. చిన్న బృందాలకు మెంటర్లు ఉండాలనీ, మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయవద్దనీ అదే తీర్పు చెప్పింది. ఈ మాటలు చర్చకు రాకపోవడానికి కారణం, వాటిని పాటించాల్సింది కొత్తగా వచ్చే కౌన్సెలర్ కాదు, ఇప్పుడున్న బడి.

ఇదంతా తల్లిదండ్రుల పని అనేవారూ ఉన్నారు. ఇంటి వాతావరణం ముఖ్యమే. అయితే గురుకులంలో ఉన్న అమ్మాయికి అమ్మానాన్నలు ఎంతో దూరంలో ఉంటారు, నెలకోసారి కనబడతారు. కార్పొరేట్ హాస్టల్ పిల్లలదీ అంతే. గురుకులంలో చదివే అమ్మాయి ఇంట్లో హైస్కూలు గడప తొక్కిన మొదటి మనిషి చాలాసార్లు ఆమే. ఆమెకు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ గురించి ఇంట్లో ఎవరు చెబుతారు? ఈ భారం ఇంటికి నెట్టేస్తే చదువుకున్న ఇళ్ల పిల్లలు గట్టెక్కుతారు, మిగతావాళ్లు మిగిలిపోతారు.

టీచర్ల మీద భారం అన్న మాటను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, లెక్కలు పంపడం, సర్వేలకు తిరగడం చేస్తూ ఈ గంటను కూడా మోయమంటే నలందాలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. క్లాస్ టీచరుకు వారానికి కనీసం రెండు బోధన పీరియడ్లు తగ్గించాలి, ఒకటి ఆ గంటకు, ఒకటి దాని సన్నాహానికి. ఇది ప్రభుత్వం మీద పడే ఖర్చే. కానీ ప్రతి బడికీ అర్హత గల కౌన్సెలర్ అనే హామీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే తక్కువ, పైగా రేపే మొదలుపెట్టగలిగింది. కౌన్సెలర్లు వచ్చిన కొద్దీ మండలానికొకరో ఇద్దరో ఉండి టీచర్లకు శిక్షణ ఇవ్వాలి, వాళ్లు పంపిన పిల్లల్ని చూడాలి. ఆలోగా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.

పిల్లల తల్లిదండ్రులకు ఒక విన్నపం. వచ్చే సమావేశానికి బడికి వెళ్లినప్పుడు మార్కుల కార్డు చూశాక, తరగతి టైమ్‌టేబుల్ కూడా చూపించమనండి. క్లాస్ టీచరు పీరియడ్ ఏ రోజు ఉంది, ఈ ఏడాది ఎన్నిసార్లు జరిగింది, ఏ అంశాలు మాట్లాడారు అని అడగండి. సమాధానం రాకపోతే హెచ్‌ఎం దగ్గరికి వెళ్లి ఆ ప్రశ్నే రాతపూర్వకంగా ఇవ్వండి.